హోమ్ నొక్కితే

లాలాగూడ, సికింద్రాబాద్
2 ఏప్రిల్ 2025

కాలేబు అన్నయ్యకు,

ఒక మనిషి దారి తప్పితే "చూసుకోవద్దా?" అని ఆ మనిషినే ఎందుకు గద్దిస్తాం, ఆ దారి వేసినవాణ్ణి ఎందుకు నిలదీయం? యూనివర్సిటీలో సైకాలజీ చదివే రోజుల నుంచి ఈ ప్రశ్నను మోస్తున్నాను. పరీక్షల్లో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు దానిమీదే నా జీతం. వెబ్‌సైట్లలో జనం ఎక్కడ తికమకపడుతున్నారో పక్కన కూర్చుని చూసి, ఎలా సరిచేయాలో చెప్పడం నా ఉద్యోగం. నువ్వు మాత్రం పెళ్ళిళ్ళలో "మా చెల్లి పెద్ద కంపెనీలో జనం వేలు ఎటు పోతుందో చూస్తుంది" అని పరిచయం చేస్తావు. చుట్టాలు నా వేళ్ళు చూసి వెళ్ళిపోతారు.

మొన్న ఫోన్లో నా మాట పూర్తికాకముందే "ఏదున్నా రాతపూర్వకంగా ఇవ్వు, కమిటీ ఫైల్లో పెడతాను" అన్నావు. ఇదిగో రాత. ఫైల్లో పెట్టేముందు చదువు.

దేవకృప అక్క సంగతి. బొల్లారంలో మన చర్చి సంఘం నడిపే, చదువుకునే ఆడపిల్లల హోమ్‌లో ఈ ఏడు సగానికి పైగా గదులు ఖాళీ. జూన్ చివర్లో కమిటీ కూర్చునేసరికి పిల్లలు చేరకపోతే హోమ్ మూసేసి, ఆ మేడను కోచింగ్ సెంటరుకు ఇస్తామని తీర్మానం చేశారు. కార్యదర్శిగా కింద సంతకం నీదే. అక్క ఆ హోమ్‌కి వార్డెన్. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మేడలోనే, మెట్ల పక్క గదిలో ఉంటోంది. హోమ్ పోతే మా అక్కకు ఉద్యోగమూ ఇల్లూ ఒకే సంతకంతో పోతాయి. మేమిద్దరం నీకు బాబాయి కూతుళ్ళమే కాబట్టి ఇదంతా నీకు తెలుసు. ఫైలు కోసం రాస్తున్నాను.

ఇక నువ్వు స్వహస్తాలతో తయారుచేసిన వెబ్‌సైటు. తెరవగానే కమిటీ అధ్యక్షులు జీవరాజుగారు ఫోటోలో దండతో వచ్చారు. పక్కకు జరిగారు. శాలువాతో మళ్ళీ వచ్చారు. ఆ తర్వాత "సుస్వాగతం" అన్న మాట కుడినుంచి ఎడమకి ఈదుకుంటూ పోయింది. పిల్లను చేర్పించాలనుకున్న తల్లి ఏం నొక్కాలి? నేను వెతికాను. "పరిచర్యలు" నొక్కాలి. అందులోంచి "విద్య" జారుతుంది. వేలు అటు కదిపేలోపు అది ముడుచుకుపోతుంది. పట్టుకోగలిగితే "వసతి". వసతి కింద "నియమములు". నియమముల అడుగున, చిన్న అక్షరాల్లో, చేర్చుకునే పద్ధతి. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పే లెక్చరరువి నువ్వు. నీ విద్యార్థులు ఇలాంటిది తెస్తే పాస్ చేస్తావా?

సరిచేయాల్సినవి చాలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఈ రోజే చెయ్యి. "హోమ్" అనే బటన్ ఎక్కడో అడుగున దాక్కుంది. దాన్ని పైన ఎడమవైపు, పెద్దగా పెట్టు. జనం ఎక్కడ తప్పిపోయినా ముందు దాన్నే వెతుక్కుంటారు. పదిహేనేళ్ళుగా చూస్తున్నాను కాబట్టి ఇందులో నాకు అనుమానం లేదు. అనుమానం లేని విషయాలు నాకు చాలా తక్కువని నీకు తెలుసుగా.

నీ చెల్లి,
బ్యూలా


కాకినాడ
9 ఏప్రిల్ 2025

ప్రియమైన చెల్లి బ్యూలాకు,

దేవుని కాపుదలలో ఇక్కడ మేమందరం క్షేమం. నీ నోరు కూడా క్షేమమేనని ఉత్తరం చూడగానే అర్థమైంది.

జీవరాజుగారి ఫోటో తీసెయ్యమంటున్నావు. తీస్తాను. తీశానని ఆయనకి ఎవరు చెప్తారు, నువ్వు చెప్తావా? "విద్య" అన్న మాట కమిటీలో ప్రభుదాస్‌గారిది, "వసతి" వెంకటరత్నంగారిది. ఒకరి మాట పైన పెడితే ఇంకొకరు ప్రార్థన కూడికలో నాకు నమస్కారం పెట్టరు. అందుకే ఒకదాని లోపల ఒకటి పెట్టాను. నువ్వు దాన్ని తికమక అంటున్నావు. ఇక్కడ దాన్ని సమాధానమూ శాంతీ అంటారమ్మా.

ఇంకో మాట. మా నాన్న ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని, స్టేషన్లో దిగి, దారిపొడుగునా "బోర్డింగు ఎక్కడండీ" అని అడుగుతూ నన్ను చేర్చారు. అప్పుడు ఏ బటన్ ఉంది? నాలుగుసార్లు నొక్కే ఓపిక లేని తల్లిదండ్రులు పిల్లని బోర్డింగులో ఏం ఉంచుతారు? మీ కంపెనీల్లో మనుషులకి ఓపిక పోగొట్టేసి, దానికి జీతాలు తీసుకుంటున్నారు.

అయినా నీ మాట కాదనలేదు. "హోమ్" పైన ఎడమవైపు పెట్టాను. ఎర్రరంగు వేశాను. ఎవరికీ కనపడలేదనే పేరు నాకొద్దు కాబట్టి మెరిసేలా కూడా చేశాను.

దేవకృపని అడిగానని చెప్పు. నేను ఫోన్ చేస్తే "చెప్పండి కార్యదర్శిగారూ" అంటోంది. పరాయివాణ్ణి పిలిచినట్టు.

కాలేబు


లాలాగూడ
22 ఏప్రిల్ 2025

అన్నయ్యా,

మెరుస్తోంది. చూశాను. అంబులెన్సు వెనకాల నడుస్తున్నట్టుంది. మెరుపు ఆపు, చోటు అలాగే ఉంచు.

ఈస్టర్ ఆరాధన అయ్యాక అక్కతో పాటు బొల్లారం వెళ్ళాను. మందిరంలో అందరితో నవ్వుతూ మాట్లాడిన మనిషి గేటు దాటగానే నేరుగా తాళాలగుత్తి అందుకుంది. పైఅంతస్తులో మంచాలు గోడకు నిలబెట్టి ఉన్నాయి. వంటమనిషి కొద్దిగా బియ్యం కడుగుతూ, ఇంత చిన్న గిన్నెలో వండడం చేతకావడం లేదని విసుక్కుంటోంది. అక్క మాత్రం పాత పద్ధతిలోనే సాయంత్రం ఆరు కాగానే గేటుకు తాళం వేసింది. లోపలున్న పిల్లలు అందరూ లోపలే ఉన్నారు. బయటి నుంచి రావలసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా తాళం వేసి, లాగి చూసి మరీ వచ్చింది.

"ఏందే అట్ల చూస్తవ్? తాళమెయ్యడం సుత నేర్పిస్తవా నాకు?" అంది.

హోమ్ మరీ ఖాళీగా ఉంది అన్నయ్యా. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఇదంతా కమిటీ ఫోటోల వల్ల అని నేననను. కానీ ఏదో ఒకటి వెంటనే చెయ్యి. నింపే దారి చూడు.

ఎండలు ముదిరిపోయాయి. ఇక్కడ కరెంటు పోతే రైల్వే క్వార్టర్లలో అందరం మెట్లమీదికి చేరుతున్నాం. అక్కడా మీ సైటు గురించే ఆలోచన. ఇది ఉద్యోగమో జబ్బో తెలియడం లేదు.

బ్యూలా


కాకినాడ
30 ఏప్రిల్ 2025

ప్రియమైన చెల్లికి,

విమర్శించడమే కాక ఒక్కోసారి పనికొచ్చే మాట కూడా రాస్తావు. హోమ్ ఖాళీగా ఉందన్నావు, వెళ్ళి చూశాను, నిజమే. జీవరాజుగారి కింద బోలెడంత తెలుపు. నింపేశాను. క్రిస్మస్ ఫోటోలు, కొత్త బోరు ప్రతిష్ఠ, అధ్యక్షులవారి సందేశం పూర్తి పాఠం. ఇప్పుడు ఖాళీ అనే మాట ఎవరూ అనలేరు.

ఫలితం కూడా కనపడుతోంది. నువ్వు కుర్చీలోంచి లేస్తావేమో, గట్టిగా పట్టుకో. ఈ రెండు వారాల్లో హోమ్‌కి జనం విరగబడి వస్తున్నారు. అదీ ఒక్కసారి వచ్చి ఊరుకోవడం లేదు, వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తున్నారు. గజ్వేలు, సిద్దిపేట, మెదక్ వైపు నుంచి ఎక్కువ. మన విశ్వాసులే కాదు, అందరూ. కమిటీ సభ్యులకి చెప్తే ప్రభుదాస్‌గారు స్తుతి ప్రార్థన చేశారు. దేవకృపకి నువ్వే చెప్పు. నేను చెప్తే "అలాగేనండి కార్యదర్శిగారూ" అంటుంది.

మెరుపు ఆపాను. నాకు మాత్రం అదే బాగుంది.

కాలేబు


లాలాగూడ
8 మే 2025

కార్యదర్శిగారికి,

అక్క నిన్ను అలా ఎందుకు పిలుస్తోందో ఇప్పుడు నాకు తెలిసింది. నేనూ అలాగే పిలుస్తున్నాను.

నీ ఉత్తరం రాగానే అక్కకు చదివి వినిపించాను. చూడడానికి జనం వస్తున్నారట, మళ్ళీ మళ్ళీ వస్తున్నారట, కాకినాడలో పేర్లు రాసుకుంటున్నట్టున్నారు, ఇక బొల్లారం రావడమే తరువాయి అని చెప్పాను. అక్క మర్నాడు సున్నాలవాళ్ళను పిలిపించింది. పైఅంతస్తు మంచాలు దింపించి, పరుపులు ఎండలో వేయించింది. వంటమనిషి పెద్ద గిన్నెలు తోమింది. మూడు రోజులు అక్క పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

నాలుగోరోజు నాకు ఫోన్ చేసింది.

"ఎవరొచ్చిండ్రే బ్యూలా? పాలాయన వచ్చిండు. కరెంటు మీటరు చూసేటాయన వచ్చిండు. వాళ్ళను సుత చేర్చుకోనా?"

"అన్నయ్య రాశాడు కదా" అన్నాను.

"అన్న రాస్తడు. ఆయనకు రాసుడే పని. నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి. పోయేదుంటే పోతది హోమ్. నవ్వులపాలైతే నేను కాను."

విరగబడి వస్తున్న ఆ జనం ఎక్కడున్నారు? ఎవరు లెక్కపెట్టారు? నిలబెట్టిన మంచాలను దింపించి, మళ్ళీ నిలబెట్టించావు.

బ్యూలా


కాకినాడ
15 మే 2025

బ్యూలా,

నీ కోపం చదివాను. మీ వదిన కూడా చదివి, "తప్పు మీదేనేమో" అంది. అందుకే జవాబు ఆలస్యమైంది.

నేను హోమ్ అన్నది హోమ్ పేజీని. తెరవగానే వచ్చే మొదటి పేజీ. దానికి జనం వస్తున్నారని కంప్యూటర్ చెప్పిన లెక్క రాశాను. నువ్వు "హోమ్ ఖాళీగా ఉంది" అంటే కూడా ఆ పేజీ అనుకునే నింపాను. బోర్డింగు సంగతి నేనెక్కడ ఎత్తాను? బోర్డింగుని నేను బోర్డింగనే అంటాను. మా నాన్న అలాగే అన్నారు, కాకినాడలో ఎవరినడిగినా అలాగే అంటారు. రోజంతా వెబ్‌సైట్ల మధ్య కూర్చునేదానివి, హోమ్ అంటే ఏంటో ఆమాత్రం నీకు తెలీదా? చూసుకోవద్దా?

నువ్వే రాశావు, దారి తప్పినవాణ్ణి గద్దించకూడదని. నేను గద్దిస్తున్నాను. నాకు ఆ సిద్ధాంతం లేదు.

ఇక లెక్క గురించి. అది అబద్ధం కాదు. చూడు: వచ్చినవాళ్ళు హోమ్ నొక్కుతున్నారు. మళ్ళీ హోమే నొక్కుతున్నారు. ఇంకోసారి హోమ్. ఆ తర్వాత వేరే ఏదీ చూడకుండా వెళ్ళిపోతున్నారు. నా పేజీ అంత ఆకట్టుకుంటోందని వెంకటరత్నంగారు మెచ్చుకున్నారు. మీ కంపెనీల సైట్లకి ఇంత ఆదరణ ఉందా?

దేవకృపకి సున్నం విషయంలో నేను బాధపడ్డానని చెప్పు. నిజంగానే చెప్పు.

కాలేబు


లాలాగూడ
25 మే 2025

అన్నయ్యా,

హోమ్, మళ్ళీ హోమ్, మళ్ళీ హోమ్, ఆ తర్వాత వెళ్ళిపోవడం. నీ ఉత్తరంలో ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. నా ఉద్యోగంలో ఆ నడకను ఆదరణ అనరు. గోడకు తల కొట్టుకోవడం అంటారు. కానీ ఆ గోడ ఏదో వెంటనే తట్టలేదు.

మా ఆఫీసులో సెక్యూరిటీలో రాములు అని ఉన్నాడు. ఊరు గజ్వేలు దగ్గర. ఇక్కడ నలుగురితో కలిసి రేకుల గదిలో ఉంటాడు. కూతురు కల్పలతకు సికింద్రాబాద్‌లో నర్సింగులో సీటు వచ్చింది, ఉంచడానికి చోటు లేదు. భోజనాల వేళ ఇద్దరినీ కూర్చోబెట్టి, రాములు ఫోన్లోనే నీ సైటు తెరిచి ఇచ్చాను. "బొల్లారంలో ఆడపిల్లల హోమ్ ఉంది, అందులో ఎట్ల చేర్పించాలో దీంట్లో చూడు" అన్నాను. ఆ తర్వాత నోరు మూసుకున్నాను. నా పనిలో కష్టమంతా అదే.

రాములు ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. ముఖం వెలిగింది.

"ఆ, గీడనే ఉన్నది మేడమ్. ఎర్రగ రాసిండ్రు, హోమ్ అని."

నొక్కాడు. జీవరాజుగారు దండతో వచ్చారు.

"ఈ సారెవరు?"

"బాపూ, అది కాదు, మల్ల ఒత్తు" అంది కల్పలత.

మళ్ళీ నొక్కాడు. జీవరాజుగారు శాలువాతో వచ్చారు. ఇంకోసారి గట్టిగా, గంట కొట్టినట్టు నొక్కాడు.

"ఏందీ, గిదే మల్ల మల్ల వస్తున్నది. లోపలికి పోనిస్తలేదు. బంద్ వెట్టినట్టున్నరు మేడమ్. మా దిక్కు సుత అంటున్నరు, బొల్లారం హోమ్ బంద్ అయిందని. మా బావమరిది బిడ్డ కోసం చూస్తే గిట్లనే తిరిగి తిరిగి గాడికే వచ్చిందట."

అర్థమైందా అన్నయ్యా? కాకినాడలో అది బోర్డింగు. ఇక్కడ బొల్లారం నుంచి మెదక్ దాకా అందరికీ అది హోమ్. మేము చిన్నప్పటి నుంచి పిలుస్తున్న పేరు అదే. ఆ పేరును నువ్వు ఎర్రరంగులో రాసి, దానికి తాళం వేశావు. నొక్కినవాళ్ళను మళ్ళీ మొదటి పేజీ దగ్గరే నిలబెట్టే బటన్ మీద రాశావు. తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్ళు మూసేశారనుకుని, ఊళ్ళో అదే చెప్పారు. నీ లెక్కలోని జనం నిజంగానే వచ్చారు. మన గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయారు.

నీమీద నవ్వడానికి కలం తీశాను. నవ్వలేకపోతున్నాను. ఆ బటన్ను అడుగునుంచి పైకి తెమ్మన్నది నేను. పెద్దగా పెట్టమన్నది నేను. అందులో నాకు అనుమానం లేదని కూడా రాశాను. నీకు ఆ మాట తెలియదు, బయటి ఊరివాడివి. నాకు తెలుసు. ఇంట్లో హోమ్ అంటే అక్క, ఆఫీసులో హోమ్ అంటే మొదటి పేజీ. రెండూ నా నోట్లోనే ఉన్నాయి, ఒకదానికొకటి ఎదురుపడలేదు.

చేయాల్సింది చెప్తాను. ఆ బటన్‌కి "మొదటి పేజీ" అని పేరు పెట్టు. అన్నిటికంటే పైన "ఆడపిల్లల హోమ్, బొల్లారం" అని ఇంకొకటి పెట్టు. నొక్కితే నేరుగా గదులు, నియమాలు, చేరే పద్ధతి రావాలి. అక్క సెల్ నంబరు పెట్టు. ఇప్పుడు అక్కడున్నది ఎప్పుడో తీసేసిన లాండ్‌లైన్. ప్రభుదాస్‌గారు, వెంకటరత్నంగారు నమస్కారం పెట్టకపోతే నేను వచ్చి నీకు పెడతాను.

బ్యూలా


కాకినాడ
1 జూన్ 2025

చెల్లీ,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఎవరినీ అడగలేదు. జీవరాజుగారిని "మా పెద్దలు" అనే పేజీకి పంపాను. ఆయనకింకా తెలీదు. తెలిసినరోజు నాకోసం ప్రార్థన చెయ్యి.

చాలాసేపు నీ ఉత్తరం పట్టుకుని కూర్చున్నాను. ఆ సైటు నేను సెలవుల్లో, ఎవరూ అడక్కుండా, జీతం లేకుండా చేశాను. నా చెల్లెలి హోమ్ నిలబడాలనే చేశాను. (చూశావా, నేను కూడా హోమ్ అనేశాను.) దాంతోనే జనాన్ని వెనక్కి పంపుతున్నానని కలలో కూడా అనుకోలేదు. నువ్వు నవ్వలేకపోతున్నానన్నావు. నవ్వి ఉంటే బాగుండేది. నీ ఎగతాళికి నేను అలవాటుపడిపోయాను.

ఇరవై ఎనిమిదిన కమిటీ. పిల్లలు ఎందుకు రాలేదో నిపుణుల నివేదిక కావాలన్నారు. నిపుణురాలివి నువ్వే. ఒక్క పేజీ చాలు. బటన్ పేరు వల్ల దారి తప్పారు, ఇప్పుడు సరిచేశాం అని రాయి. తప్పు ఏ మనిషి మీదా పడదు. ఇంకో ఏడాది చూద్దామని తీర్మానం నేను రాయిస్తాను. జీవరాజుగారు ఒప్పుకుంటారు, ఆయనకి మనుషుల తప్పులకంటే యంత్రాల తప్పులు ఇష్టం.

త్వరగా పంపు.

అన్నయ్య


లాలాగూడ
15 జూన్ 2025

అన్నయ్యా,

అక్క సెల్ ఆగకుండా మోగుతోంది. ముందు ఆ సంతోషం నీకు చెప్పాలి. "బంద్ కాలేదండి, ఉన్నది, రండి" అని ఎంతమందికి చెప్పిందో. గొంతు పోయింది, వేడినీళ్ళు తాగుతూ చెప్తోంది. తండ్రులు వస్తున్నారు. గోడలకు సున్నం వేసి ఉందని మెచ్చుకుంటున్నారు. కాబట్టి నీ ఉత్తరం పూర్తిగా వృథా కాలేదు.

బటన్ సరిచేశాక అంతా తేలిందో లేదో చూడాలి కదా. అది నా అలవాటు. రాములునూ కల్పలతనూ మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి ఒక్క నొక్కుతో హోమ్ పేజీ, అంటే అక్క హోమ్ పేజీ, వచ్చేసింది. నియమాలు వచ్చాయి. రాములు వేలు పెట్టి పైకి చదివాడు. గేటు ఆరింటికి మూస్తారు. ఫోన్లు వార్డెన్ దగ్గర ఇవ్వాలి. ఆదివారం ఇంటివాళ్ళు వస్తేనే బయటికి.

"మస్తు మంచిగున్నది మేడమ్. నాకు గిదే కావాలె. రంది ఉండదు, రాత్రి నిద్ర పడ్తది."

తండ్రి చాయ్ తేవడానికి లేచాక, కల్పలత ఫోను ఇంకా చేతిలోనే పెట్టుకుని అడిగింది: "మేడమ్, దీంట్లకెంచి బయటికెట్ల పోవాలె?"

పేజీ ఎలా మూయాలో అడుగుతోందనుకుని, పైన మూల చూపించాను. నవ్వింది. "అదైతే నాకెర్కనే" అంది.

ఆ తర్వాత మా కాలనీలో, ఆఫీసులో తెలిసినవాళ్ళ పిల్లలతో ఇదే చూశాను. తండ్రి చేతిలో ఫోనుంటే నియమాల దగ్గర ఆగి, కింద నంబరు రాసుకుంటాడు. కూతురి చేతిలో ఉంటే అదే చోట పేజీ మూసుకుంటుంది. దారి ఇప్పుడు నున్నగా ఉంది. పిల్లలు అక్క పేజీదాకా హాయిగా వస్తున్నారు. వచ్చి, చూసి, వెనక్కి పోతున్నారు. నీ పాత సైటు చేసిన ఒకే ఒక్క మేలు, ఆ గేటును వాళ్ళకు కనపడకుండా దాచడం.

అక్కతో మాట్లాడాను. ల్యాబులు ఐదున్నరకు అవుతాయి, బొల్లారం బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, గేటు కాస్త ఆలస్యంగా మూస్తే ఏం పోతుంది అన్నాను.

"ఏడింటి దాక తీసి పెడ్తే ఎనిమిదింటి దాక పెట్టుమంటరు. జెర ఆలోచించు. ఆ నాయనలు నన్ను చూసి ఇడిచిపోతుండ్రు, నిన్ను చూసి కాదు. నువ్వు వచ్చి చూస్తవ్, రాసుకుంటవ్, పోతవ్. పొద్దు గూకినంక ఒక్క పిల్ల రాకుంటే తక్లీఫ్ నాది."

"మరి పిల్లలకు నచ్చకపోతే?"

"నచ్చనీకి ఇదేమన్న సినిమానా?"

నాకు కోపం వచ్చింది. అరగంట పోయాక ఆమె అన్నది నిజమేననిపించింది. ఇంటికొచ్చాక మళ్ళీ కాదనిపించింది. కల్పలత నిన్న చేరింది. కాగితాల మీద సంతకం తండ్రిది. ట్రంకుపెట్టె లేదు, చక్రాల సూట్‌కేసు. మెట్ల దగ్గర ఫోను అక్క చేతిలో పెడుతూ నావైపు చూసింది.

నివేదిక మొదటి పేజీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. బటన్ సంగతి. అందులో ప్రతి మాటా నిజం. అది చదివితే కమిటీ ఏడాది గడువు ఇస్తుంది, అక్క తన గదిలో ఉంటుంది.

రెండో పేజీ కూడా రాశాను. దారి సరిచేశాక కూడా పిల్లలు గేటు చూసి వెనక్కి పోతున్నారని. అది పంపితే గేటు వేళ మారుస్తారని నీకు నమ్మకముందా? నాకు లేదు. వార్డెన్ పాతకాలపు మనిషి, మార్చేద్దాం అంటారు. లేకపోతే మూసేద్దాం అంటారు. పంపకపోతే, తండ్రుల మాట మీద చేరిన పిల్లలు వెళ్ళిపోయి, వచ్చే ఏడు మంచాలు వాటంతటవే గోడకెక్కుతాయి. అప్పుడు చెప్పడానికి బటన్ కూడా ఉండదు.

మా పనిలో మొట్టమొదట అడిగేది, దీన్ని వాడేది ఎవరు అని. ఎంత పొగరుబోతు కంపెనీ అయినా దానికి జవాబు చెప్పాకే పని మొదలుపెడతాం. జవాబు రానివాళ్ళను ఎన్నిసార్లు ఎద్దేవా చేశానో. ఈ హోమ్‌ను వాడేది నంబరు రాసుకునే తండ్రా, పేజీ మూసే కూతురా? నిద్రపట్టాలని చూసేవాడికోసం కట్టాలా, అందులో ఉండాల్సిన పిల్లకోసమా? తండ్రిదని రాస్తే ఆ పిల్ల చూపు గుర్తొస్తోంది. పిల్లదని రాస్తే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న అక్క.

ఇదంతా అన్నయ్యకు రాశాను. కార్యదర్శికి రాయలేదు. ఉత్తరం మీ ఇద్దరికీ ఒకే చిరునామాకు వస్తుందని తెలిసే రాశాను. రాస్తూ రాస్తూ తేలిపోతుందనుకున్నాను. రెండో పేజీ పంపాలో చింపాలో నాకు తెలియడం లేదు.

బ్యూలా